పాలిటెక్నిక్ ల్యాబ్‌లో ఆటోక్యాడా, ఫ్రీక్యాడా?

ఆటోక్యాడ్, ఫ్రీక్యాడ్ రెండూ కంప్యూటర్‌లో ఇంజనీరింగ్ డ్రాయింగులు గీసే (క్యాడ్) సాఫ్ట్‌వేర్లే. మొదటిది కంపెనీ అమ్మేది, రెండోది ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగేది. కొత్త విద్యా సంవత్సరం దగ్గర పడితే చాలు, పాలిటెక్నిక్ లెక్చరర్ల నుంచి ఇదే ప్రశ్న: "సార్, క్యాడ్ ల్యాబ్‌లో ఫ్రీక్యాడ్ కూడా చెప్పమంటారా? పిల్లలకు ఆటోక్యాడ్ ఎలాగూ ఉచితమే కదా?"

ఉచితమే. చదువుకుంటున్నట్టు రుజువు చూపి, ఏడాదికోసారి రెన్యూ చేసుకుంటే సరి. కీబోర్డు మీద ఎల్ కొడితే గీత, టీఆర్ కొడితే ట్రిమ్ (అదనపు గీత కత్తిరింపు), ఇట్టే చేయి తిరుగుతుంది. ఉద్యోగ ప్రకటనల్లో కనిపించే పేరూ అదే.

నేను చూసేది మాత్రం డిప్లొమా చేతికొచ్చాక సంగతి. ఆ ఉచిత లైసెన్సు నేర్చుకోవడానికే, దాంతో డబ్బులకు పని చేయకూడదు. కుర్రాడు ఆటోనగర్‌లోనో బాలానగర్‌లోనో చిన్న వర్క్‌షాపులో చేరి ఒక ఫిక్చర్ (మెషీన్ మీద వస్తువును కదలకుండా పట్టే అమరిక) డ్రాయింగ్ గీయాలంటే ఎలా? ఏటేటా చందా కట్టడం ఆ ఓనరుకు భారం. ఒకసారి కొని ఉంచేసుకుందామన్నా, అలాంటి లైసెన్సులు అమ్మడం 2016లోనే ఆపేశారు. చివరికి జరిగేది అందరికీ తెలిసిందే: పెన్‌డ్రైవ్‌లో క్రాక్ వెర్షన్. మూడేళ్లు చదివి వంటబట్టించుకున్న పనిని దొంగచాటుగా చేసుకోవాల్సి రావడం నాకు మింగుడు పడదు. ఫ్రీక్యాడ్‌తో ఆ టెన్షన్ లేదు. ల్యాబ్‌లో వాడిందే ఇంట్లో, రేపు షాపులోనూ అదే. బిల్లు వేసి డబ్బు తీసుకున్నా అడిగేవాడు లేడు.

పైగా బ్రాకెట్‌లో 10 మి.మీ. రంధ్రం 12 కావాలనుకోండి. ఫ్రీక్యాడ్‌లో అయితే స్కెచ్‌లో ఆ అంకె మారిస్తే మోడలూ, టెక్‌డ్రాలో (మోడల్ నుంచి డ్రాయింగ్ షీట్ తీసే విభాగం) తీసిన వ్యూలూ అన్నీ మారతాయి. మన ల్యాబుల్లో ఆటోక్యాడ్‌ను డ్రాయింగ్ బోర్డులాగే వాడిస్తారు కాబట్టి ఏ వ్యూకి ఆ వ్యూ దిద్దుకోవాల్సిందే. పాత ఫ్రీక్యాడ్‌లో స్కెచ్ కదిలిస్తే దాని మీద ఆధారపడిన తర్వాతి ఫీచర్లు (రంధ్రాలు, అంచుల లాంటివి) చెదిరిపోయేవి. 2024 నవంబరులో వచ్చిన 1.0తో ఆ తలనొప్పి చాలావరకు తగ్గింది.

తంటా అంతా డీడబ్ల్యూజీతోనే, అంటే ఆటోక్యాడ్ సొంత ఫైలు రకంతో. ఫ్రీక్యాడ్‌లో దాన్ని తెరవాలంటే ఓడీఏ కన్వర్టర్ (ఫైలు రకం మార్చే ప్రోగ్రామ్) లాంటిది విడిగా వేసుకోవాలి. అప్పుడు కూడా హ్యాచ్‌లు (కోసిన భాగాన్ని చూపే ఏటవాలు గీతలు), ఫాంట్లు ఒక్కోసారి అటూఇటూ అవుతాయి. పంపేవాళ్లను డీఎక్స్‌ఎఫ్ (వేర్వేరు క్యాడ్ సాఫ్ట్‌వేర్ల మధ్య ఇచ్చిపుచ్చుకునే ఫైలు రకం) అడగడం మేలు. ఇంటి ప్లాన్ల పనంతా డీడబ్ల్యూజీ చుట్టూనే తిరుగుతుంది కాబట్టి సివిల్ వాళ్లకు ఆటోక్యాడే అంటాను.

ఇక మిగతా సాఫ్ట్‌వేర్లు: లిబ్రెక్యాడ్ 2డీకి మాత్రమే, పాత కంప్యూటర్లున్న చోట పనికొస్తుంది. బ్రిక్స్‌క్యాడ్, జడ్‌డబ్ల్యూక్యాడ్ ఆటోక్యాడ్‌లాగే నడుస్తాయి, వాటికీ డబ్బు పెట్టాల్సిందే.

మెకానికల్‌కైతే ముందు ఫ్రీక్యాడ్, ఆఖర్లో కొన్ని వారాలు ఆటోక్యాడ్. సిలబస్ మారేదాకా ఆగక్కర్లేదు, ఈ ఏడాది ప్రాజెక్టు వర్కు ఫ్రీక్యాడ్‌లో చేయించండి.