పాత పెళ్ళి కాసెట్లు డిజిటల్ చేయించాలనుకునేవాళ్ళు జాగ్రత్త. మా నాన్న గొంతు పోయింది

విజయవాడలో పాత వీడియో కాసెట్లను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తామని రీల్స్ పెట్టే షాపు ఒకటుంది. మీలో చాలామంది చూసే ఉంటారు. ఒకపక్క బూజు పట్టిన కాసెట్, ఇంకోపక్క తళతళలాడే పెళ్ళి వీడియో చూపిస్తాడు కదా, అతనే. పేరు రాయను. దయచేసి మీ కాసెట్లు అతనికి ఇవ్వకండి. నిన్న సాయంత్రం నుంచి నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఇది వరసగా రాస్తున్నానో లేదో కూడా తెలియడం లేదు.

నా పెళ్ళి 1993 మేలో, తెనాలి దగ్గర మా ఊళ్ళో జరిగింది. మూడు వీహెచ్‌ఎస్ కాసెట్లు. నాన్న 2004లో పోయారు. అప్పటికి మా ఇంట్లో ఉన్న ఫోన్‌లో వీడియో లేదు. ఆయన గొంతు రికార్డు చేసి పెట్టుకోవాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. ఆయన మాట వినాలంటే ఆ రెండో కాసెట్ ఒక్కటే దిక్కు. వీసీఆర్ ఎప్పుడో పాడైంది. హెడ్ అరిగిపోయిందమ్మా, స్పేర్లు దొరకవు అని రిపేరు చేసే ఆయన తేల్చేశారు. కొత్తది కొందామన్నా తయారుచేసేవాళ్ళే లేరు. చివరిదాకా వీసీఆర్లు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016లో ఆపేసింది. అందుకే కాసెట్లు బీరువాలో పట్టుచీరల మధ్య అలాగే ఉండిపోయాయి.

అమ్మకి ఇప్పుడు డెబ్బై తొమ్మిది. ఈ నెలాఖరులో నాన్న ఆబ్దికం. "ఒక్కసారి ఆయన మాట వినిపించవే" అంది. కరెంటు బిల్లు ఫోన్‌లో కడుతున్నాం. సర్టిఫికెట్లు డిజిలాకర్‌లో ఉన్నాయి. 'మన మిత్ర' వచ్చాక ప్రభుత్వ పనులు కూడా వాట్సాప్‌లోనే అవుతున్నాయి. ఇన్ని ఫోన్‌లోకి వచ్చాక మా నాన్న మాత్రం బీరువాలో ఎందుకుండాలి అనిపించింది. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి తాతయ్యను ఫొటోల్లో తప్ప చూడలేదు. వాడికీ పంపొచ్చు అనుకున్నాను. ఇంతకంటే పెద్ద ఆశేమీ లేదు నాకు.

కాసెట్‌కి ఎనిమిది వందలు, మూడింటికి 2,400. ముందే మొత్తం యూపీఐలో పంపమన్నాడు, పంపాను. రసీదు అడిగితే "వాట్సాప్‌లో మెసేజ్ పెడతాం మేడమ్, అదే రసీదు" అన్నాడు. ఇచ్చేముందు కాసెట్ల అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క, రికార్డింగ్ ట్యాబ్, మూడింటికీ నేనే చాకు మొనతో విరగ్గొట్టాను. పొరపాటున ఎవరూ వాటి మీద వేరేది రికార్డు చేయకూడదని. అంత జాగ్రత్తపడినదాన్ని "పని అయ్యాక కాసెట్లు తిరిగి ఇవ్వాలి" అన్న ఒక్క ముక్క మెసేజ్‌లో రాయలేదు. నా వస్తువు నాకు తిరిగి ఇమ్మని విడిగా అడగాలా అనుకున్నాను. ఇప్పుడు ఆ ఒక్క ముక్క గుర్తొచ్చినప్పుడల్లా కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు ఉంటోంది.

ఇంకో సంగతి కూడా నేను గమనించి ఉండాల్సింది. షాపులో ఒకటే వీసీఆర్ ఉంది. "రేపు సాయంత్రానికల్లా రండి" అన్నాడు. వీహెచ్‌ఎస్ టేపుని ఆడిస్తూనే ఎక్కించాలి. మూడు గంటల టేపుకి మూడు గంటలూ పడుతుంది. నావి మూడు కాసెట్లు, మొత్తం ఎనిమిది గంటల పైనే. అతని దగ్గర నాకంటే ముందు వచ్చిన కాసెట్లు అట్టపెట్టెలో గుట్టగా ఉన్నాయి. ఒక్క మెషీన్ మీద ఒక్క రోజులో అవన్నీ ఎలా అవుతాయి? ఆ లెక్క నాకు నిన్న రాత్రి తట్టింది.

మర్నాడు పెన్ డ్రైవ్ ఇచ్చాడు. కాసెట్లు అడిగితే "లోపల ఉన్నాయి మేడమ్, కుర్రాడు భోజనానికి వెళ్ళాడు, తర్వాత తీసుకోండి" అన్నాడు. సరేనని వచ్చేశాను.

నిన్న మధ్యాహ్నం టీవీకి పెట్టాం. అమ్మ కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకుని కూర్చుంది. మొదటి కాసెట్ మొదలవగానే ఏదో తేడాగా అనిపించింది. మనుషులంతా అడ్డంగా లావయ్యారు. పాత టీవీ బొమ్మను ఇప్పటి వెడల్పు టీవీకి నిండేలా లాగేశారు. దానిమీద నునుపు చేసే ఫిల్టరేదో వేశారు, మొహాలన్నీ మైనపు బొమ్మల్లా ఉన్నాయి. మా పెదనాన్న మొహం మీద స్ఫోటకం మచ్చలుండేవి. అవి కూడా లేవు. "ఇదెవరే?" అని అమ్మ అడిగింది, సొంత బావగారిని చూసి.

అదీ సర్దుకునేదాన్ని. భోజనాల బంతులు లేవు. ఒక్కొక్కరే వచ్చి అక్షింతలు వేసి చదివింపులు ఇచ్చే వరస మొత్తం లేదు. మూడు ఫైళ్ళూ కలిపితే రెండు గంటల పది నిమిషాలే. మిగిలిన ఆరు గంటలు ఏమయ్యాయి? ఆ బంతుల్లో కూర్చున్నవాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరు. మా నాయనమ్మ విస్తరి ముందు కూర్చుని కెమెరా లైటుకి చెయ్యి అడ్డం పెట్టుకునే చోటు ఒకటుంది. ఆవిడ కదులుతూ కనిపించేది ప్రపంచంలో అక్కడొక్కచోటే. అదీ పోయింది.

తర్వాత అప్పగింతలు వచ్చాయి.

ఆ రోజుల్లో వీడియో తీసేవాళ్ళు పెళ్ళంతా సినిమా పాటలు కలిపేవాళ్ళు, మీకు తెలిసిందే. కానీ మా వీడియో తీసిన ఆయన, ఎందుకో మరి, అప్పగింతల దగ్గర మాత్రం అసలు శబ్దమే ఉంచారు. పాల పళ్ళెంలో నా చేతులు ముంచి మా అత్తగారి చేతుల్లో పెడుతూ నాన్న అంటారు, "అక్కయ్యగారూ, మా పిల్లకి నిద్ర ఎక్కువండీ. ఓ నెల్లాళ్ళు పొద్దున్నే లేపకండి, తర్వాత అదే లేస్తుంది." అందరూ నవ్వుతారు. ఆయనా నవ్వబోయి, గొంతు పట్టేసి, దగ్గు వచ్చినట్టు తల పక్కకి తిప్పుకుంటారు. వీసీఆర్ పనిచేసిన రోజుల్లో ఆ చోటు ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో లెక్కలేదు. ఆ దగ్గు ఎక్కడ మొదలవుతుందో నాకు కంఠతా వచ్చు.

నిన్న నాన్న పెదవులు కదిలాయి. మాట రాలేదు. సన్నాయి సంగీతం వస్తోంది.

"సౌండ్ పెంచవే" అంది అమ్మ. పెంచాను. సన్నాయి ఇంకా గట్టిగా వచ్చింది. "ఆయన మాట్లాడుతున్నారు కదే, ఇంకొంచెం పెంచు" అంది. ఏం చెప్పాలో తెలియక రిమోట్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నాన్న తల పక్కకి తిప్పుకోవడం కనిపించింది. దగ్గు వినిపించలేదు.

వెంటనే ఆటో ఎక్కి షాపుకి వెళ్ళాను. అతను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "ఆ టేపులో సౌండ్ గరగరమంటోంది మేడమ్. వినడానికి బాగుండదని మ్యూజిక్ వేశాం. అందరికీ అలాగే చేస్తాం, ఎవరూ ఏమీ అనలేదు. తిండి తినేది, డబ్బులిచ్చేది ఇప్పుడెవరు చూస్తారు? బోరు కొట్టేవి తీసేసి నీట్‌గా చేశాం." గరగరమన్నా మా నాన్న గొంతేనయ్యా, ఎవరిని అడిగి తీశావు అన్నాను. బదులు లేదు. సరే, నువ్వు ఎక్కించిన అసలు ఫైలైనా ఇవ్వు, కత్తిరించకముందుది, అన్నాను. "అవి చాలా జీబీలుంటాయి, డెలివరీ అవగానే డిలీట్ కొట్టేస్తాం" అన్నాడు. అయితే నా కాసెట్లు నాకు ఇచ్చెయ్, ఇంకోచోట చేయించుకుంటాను అన్నాను.

"కాసెట్లా? అవి పారేశాం కదా."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను. లోపల ఉన్నాయని నువ్వే అన్నావు కదా అన్నాను. ఫోన్ నుంచి తల కూడా ఎత్తలేదు. "డిజిటల్ అయిపోయాక ఆ చెత్త ఎందుకు ఆంటీ? వారానికోసారి పాత సామాన్లవాడికి వేసేస్తాం. పొద్దున్న పట్టుకెళ్ళాడు." అప్పటిదాకా మేడమ్‌ని, ఇప్పుడు ఆంటీనయ్యాను. ఇంకా ఆగలేదు. పక్కన కూర్చున్న కుర్రాడితో అన్నాడు, నాకు వినపడేలాగే, "పోయినాయన గొంతు కోసం ఇంత రచ్చేంట్రా బాబూ."

ఆ మాట దగ్గర నాకు నోరు పడిపోయింది. అక్కడ ఇంకో ఇద్దరు కస్టమర్లున్నారు. చేతుల్లో కవర్లు, కవర్లలో కాసెట్లు. "మీవి ఇవ్వకండి" అని వాళ్ళతో చెప్పాల్సింది. నోరు పెగల్లేదు. ఒకావిడ నా వెనకే బయటికి వచ్చేశారు. ఇంకొకాయన అక్కడే ఉండిపోయారు. ఇది రాయడానికి ఆయన కూడా ఒక కారణం.

అడిగి అడిగి ఆ పాత సామాన్ల కొట్టు పట్టుకున్నాను. అక్కడి పెద్దాయన మంచివాడు. "వెతుక్కోండమ్మా" అని ప్లాస్టిక్ మూటలు మూడు విప్పి పోశాడు. చీకటి పడేదాకా వెతికాను. అన్నీ పెళ్ళిళ్ళే. ఎవరెవరివో ఓణీల ఫంక్షన్లు, అన్నప్రాసనలు, పేర్లు రాసిన చీటీలతో సహా. చాలా కాసెట్లు అప్పటికే పగిలి, టేపు నల్లటి పేగుల్లా బయటికి వచ్చేసింది. నాది ఒక్కటి దొరికింది. కాసెట్ కాదు, దాని అట్ట డబ్బా. దానిమీద నాన్న చేతిరాత, నీలం సిరాతో, "అమ్మాయి పెళ్ళి – 2". లోపల ఖాళీ.

అమ్మకి ఇంకా నిజం చెప్పలేదు. ఫైల్ పాడైంది, బాగు చేయిస్తున్నానని చెప్పాను. ఆబ్దికం రోజు అడుగుతుంది. అప్పుడేం చెప్పాలో ఆలోచిస్తే రాత్రి నిద్ర పట్టలేదు.

మీరు కాసెట్లు ఇవ్వాల్సి వస్తే, "ఏమీ కత్తిరించొద్దు, శబ్దం మార్చొద్దు, బొమ్మ సాగదీయొద్దు, కాసెట్లు తిరిగి ఇవ్వాలి" అని మెసేజ్‌లో రాసి, అతను ఒప్పుకున్నట్టు బదులు పెట్టాకే చేతికివ్వండి. అన్నీ ఒకేసారి ఇవ్వకండి. ముందు అంత అవసరం లేనిది ఒకటి ఇచ్చి, శబ్దంతో సహా మొదటి నుంచి చివరిదాకా చూశాక మిగతావి ఇవ్వండి. డబ్బు మొత్తం ముందే కట్టకండి. టేపు అంచున తెల్లగా బూజు కనిపిస్తే ఆడించమని ఎవరికీ చెప్పొద్దు, ముందు శుభ్రం చేయించాలి. ఇవన్నీ మా మేనల్లుడు నిన్న రాత్రి ఫోన్‌లో చెప్పాడు. వాడిని ముందే అడగకపోవడం నా తప్పే.

ఈ ఉదయం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. యూపీఐ చెల్లింపు, వాట్సాప్ మెసేజ్‌లు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకున్నాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేయాలి. 2,400 తిరిగి వస్తే నాకు ఒరిగేదేమీ లేదని తెలుసు. అయినా వేస్తాను. ఆ షాపులో అట్టపెట్టె నిండా ఇంకా కాసెట్లు ఉన్నాయి.

ఒక్క ఆశ మిగిలింది. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారి వైపు వాళ్ళకి ఒక కాపీ చేయించి ఇచ్చారని మావారు అంటున్నారు. ఎవరు తీసుకున్నారో సరిగ్గా గుర్తులేదట. గుంటూరులో మా ఆడపడుచుగారింట్లో అటక మీద పాత పెట్టె ఒకటి ఇరవై ఏళ్ళుగా ఎవరూ తెరవలేదు. రేపు పొద్దున్న బస్సుకి వెళ్తున్నాను. మేనల్లుడు హైదరాబాద్‌లో ఎవరినో అడిగి పనిచేసే వీసీఆర్ సంపాదించి తెస్తానన్నాడు. కాసెట్ దొరికితే మా ఇంట్లో, నా కళ్ళెదుటే ఎక్కిస్తాడు. ఇంకెవరి చేతికీ ఇవ్వను.