హెస్టేరికి తప్పకుండా వెళ్లండి, టికెట్ మాత్రం పడవవాళ్ల దగ్గరే కొనండి

ఐస్‌లాండ్ వాయవ్య కొసన హోర్న్‌స్ట్రాందిర్ అనే ద్వీపకల్పం ఉంది. అక్కడికి రోడ్డు లేదు, ఏడాది పొడవునా ఉండే మనుషులూ లేరు. అందులోని హెస్టేరి అనే చేపల ఊరిని 1952లో ఊరివాళ్లందరూ కలిసి ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఆర్కిటిక్ వలయానికి ఈ ఊరు కొద్దిగా దక్షిణాన ఉంటుంది. వేసవిలో, అంటే జూన్ నుంచి ఆగస్టు చివరిదాకా, ఈసాఫ్యోర్దుర్ పట్నం నుంచి పడవలో వెళ్లి చూడొచ్చు. 2025 జూలైలో నేను, మా ఆవిడ, మామయ్యగారు వెళ్లాం. ఊరు నాకు ఎంత నచ్చిందో, మాకు ఆ టికెట్లు అమ్మిన వెబ్‌సైటు మీద అంత కోపంగా ఉంది.

రాజధాని రేక్యావిక్ నుంచి ఈసాఫ్యోర్దుర్‌కి కారులో దాదాపు 450 కిలోమీటర్లు. దారి బాగుంది, ఫ్యోర్డుల (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయల) చుట్టూ తిరిగి తిరిగి సాయంత్రానికి చేరాం. గదీ బాగానే ఉంది.

మర్నాడు పొద్దున రేవు దగ్గర పడవ ఆఫీసులో మా కాగితం చూపించాం. టికెట్లు బయల్దేరకముందే ఒక పెద్ద బుకింగ్ వెబ్‌సైటులో కొన్నాం. మనిషికి 31,500 క్రోనాలు. క్రోనా అప్పుడు మన డెబ్బై పైసలు, అంటే తలకి 22 వేల రూపాయలు. ‘ఆర్కిటిక్‌లో దెయ్యాల ఊరు, ఒడ్డు మీద ఐదు గంటలు, గైడ్, మధ్యాహ్న భోజనం’ అని అందులో స్పష్టంగా రాసి ఉంది (దెయ్యాల ఊరంటే మనుషులు వదిలేసి పాడుబడ్డ ఊరని అర్థం). ఆఫీసులో ఉన్న అమ్మాయి అది చదివి, గోడ మీది పట్టిక వైపు చూపించింది. ఆ టూరు మొత్తం, పడవ ప్రయాణంతో కలిపి, ఐదు గంటలు కూడా లేదు. ఒడ్డు మీద ఉండేది రెండున్నర గంటలు. భోజనం లేదు, కాఫీ, పాన్‌కేక్ ఇస్తారు. ధర 21,900 క్రోనాలు. అంటే తలకి 9,600 చొప్పున ముగ్గురికి 28,800 క్రోనాలు, మన లెక్కలో 20 వేల రూపాయలు, మధ్యవాడు ఊరికే మింగాడు. పడవ లేదు, గైడ్ లేడు, ఆ రేవులో కుర్చీ కూడా లేదు వాడికి. అబద్ధం ఒక్కటే వాడి సొంత సరుకు.

మామయ్యగారు అప్పటికే రేవు గట్టు మీద నిలబడి పడవల తాళ్లు చూస్తున్నారు. ఆయనది కాకినాడ దగ్గర ఉప్పాడ. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనా, పడవ కనిపిస్తే ఆయన కాళ్లు ఆగిపోతాయి. ఈ గొడవ చెప్తే ఆయన మనసు పాడవుతుందని మా ఆవిడ నన్ను పక్కకి లాగింది. ఆవిడ టెన్షన్ ఇంకొకటి. 2024 సెప్టెంబరులో ఇదే ప్రాంతంలో, యోకుల్‌ఫిర్దిర్ ఫ్యోర్డులలో, ఒక వేసవి ఇంటి దగ్గరికి తెల్ల ఎలుగుబంటి వస్తే పోలీసులు కాల్చారు. గ్రీన్‌లాండ్ నుంచి అవి ఎప్పుడో గానీ రావు. ఆ వార్త ఆవిడ రాత్రంతా చదివి కూర్చుంది.

ఆఫీసు అమ్మాయితో మేం వాదించాల్సిన పని పడలేదు. తప్పు వాళ్లది కాకపోయినా, ఫోను తీసి ఎవరితోనో మాట్లాడి, ‘సాయంత్రం ఆరింటికి ట్రెక్కింగ్ వాళ్లని తీసుకురావడానికి ఇంకో పడవ వెళ్తుంది, మూడు సీట్లున్నాయి, అందులో రండి, అదనంగా ఏమీ ఇవ్వక్కర్లేదు’ అంది. మా రోజు నిలబడింది ఆ ఒక్క మాట వల్లే.

పడవ గంటకి పైగా పడుతుంది. పెద్ద అఖాతం దాటేటప్పుడు ఊపు ఉంటుంది, వాంతుల మాత్ర ముందే వేసుకోండి. తూర్పున ద్రాంగయోకుల్ హిమానీనదం తెల్లగా కనిపిస్తుంది. హెస్టేరి ముందు మమ్మల్ని చిన్న రబ్బరు పడవలోకి దింపి ఒడ్డుకి చేర్చారు. మామయ్యగారు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగారు.

‘దెయ్యాల ఊరు’ అన్న మాట అబద్ధమని దిగిన పది నిమిషాల్లో తెలిసిపోయింది. పచ్చని వాలు మీద పదో పన్నెండో చెక్క ఇళ్లు, శుభ్రంగా, రంగులు వేసి ఉన్నాయి. కిటికీలకి తెరలున్నాయి. గడపల దగ్గర రేవుచినీ (రుబార్బ్ అనే పుల్లటి కాడల మొక్క), నడుము ఎత్తు ఏంజెలికా మొక్కలు. ఊరు వదిలినవాళ్ల పిల్లలు, మనవలు ఏటా వేసవికి వచ్చి ఇవన్నీ బాగుచేసుకుంటారు. ఒకాయన కప్పు మీద కూర్చుని రేకుకి రంగు వేస్తున్నాడు. మాతో వచ్చిన కొందరు మాత్రం, దెయ్యాల ఊరని డబ్బు కట్టారు కదా, ఒక్కో కిటికీకి ముఖం ఆనించి లోపల ఫొటోలు తీశారు. ఒక ఇంట్లో ఒక పెద్దావిడ టీ తాగుతోంది. ఆవిడ లేచి తెర లాక్కుంది. మామయ్యగారికి అది చూసి ముఖం ఎర్రబడింది. ‘ఇల్లు ఒద్దనుకున్నవాళ్లు ఇలా రంగులేస్తారా అమ్మలూ? ఎవరింట్లోకి తొంగిచూస్తున్నారు వీళ్లు?’ అని కూతురితో గట్టిగానే అన్నారు. ఆ ప్రకటన రాసినవాడిని తెచ్చి ఆ తెర ముందు నిలబెట్టాలనిపించింది నాకు.

గైడ్ మంచి మనిషి. మామయ్యగారి మాటని మా చేత అందరికీ వినపడేలా ఒకసారి చెప్పించుకున్నాక, ఆ తర్వాత తనే జనాన్ని కిటికీల నుంచి దూరంగా నడిపించింది. చెప్పిన కథ కూడా బాగుంది. ఒకప్పుడు ఇక్కడ ఎనభై మంది దాకా ఉండేవారు. 1894లో నార్వే వాళ్లు దగ్గర్లోని స్టెక్కేరిలో తిమింగలాల నూనె తీసే కేంద్రం పెట్టారు. 1915లో ఐస్‌లాండ్ ఆ వేటని నిషేధించింది. తర్వాత అదే చోటు హెర్రింగ్ చేపల ఫ్యాక్టరీ అయింది, 1940లో అదీ మూతపడింది. పని లేదు, రోడ్డు లేదు, మంచి రేవు లేదు. ఒక్కో కుటుంబం ఈసాఫ్యోర్దుర్ వైపు వెళ్లిపోతుంటే చివరికి మిగిలినవాళ్లూ కూడబలుక్కుని ఒకేసారి కదిలారు. దీన్ని మేం మామయ్యగారికి తెలుగులో చెప్తుంటే, ఆయన మధ్యలోనే అందుకున్నారు: ‘అంతే మరి. రేవు లేనిచోట రోజూ పడవని ఒడ్డెక్కించాలి. ఒక్కడి వల్ల కాదు. నలుగురు వెళ్లిపోతే ఐదోవాడికి వేట ఆగిపోయినట్టే.’ గైడ్‌కి ఇది ఇంగ్లీషులో చెప్తే, ఆవిడ ఆగి మళ్లీ చెప్పమంది. ఉప్పాడలో ఆయన పుట్టిన వీధి సముద్రంలో కలిసిపోయింది. అక్కడి మట్టి కూడా ఇప్పుడు లేదు. ఇక్కడ ఇళ్లు నిలబడి ఉన్నాయి, మనుషులు ఏటా వస్తున్నారు అని ఆయన చాలాసేపు అదే మాట్లాడారు. ఊరి చర్చిని మాత్రం 1960లలో విప్పి సూదవీక్ అనే ఊరికి తీసుకెళ్లి మళ్లీ కట్టారు. శ్మశానం ఇక్కడే ఉండిపోయింది.

గ్రూపు వెళ్లిపోయాక మాకు దొరికిన సాయంత్రం కోసమే ఈ ఊరికి రావాలి. 1901లో కట్టిన డాక్టరు గారి ఇల్లు ఇప్పుడు కాఫీ దుకాణం, బస కూడా. పల్చటి పాన్‌కేకులో రేవుచినీ జామ్ రాసి చుట్టి ఇస్తారు. ఆ పులుపు మామయ్యగారికి గోంగూరని గుర్తు చేసింది, రెండోది అడిగి తిన్నారు. భోజనం మా కాగితంలోనే ఉంది, ప్లేటులో లేదు కాబట్టి చేపల సూపు, రొట్టె వేరే కొనుక్కున్నాం. తలకి 3,200 క్రోనాలు. చిక్కటి సూపు, పెద్ద కాడ్ చేప ముక్కలు, అడిగితే ఇంకో గరిటె ఊరికే పోశారు. ప్రతి వస్తువూ పడవలో రావాల్సిన చోట ఆ ధర న్యాయమే.

మామయ్యగారిని అక్కడే కూర్చోబెట్టి మేమిద్దరం ఒడ్డు వెంట స్టెక్కేరికి నడిచాం. దారిలో వాగులున్నాయి, నీళ్లు పట్టని బూట్లు కావాలి. ఫ్యాక్టరీ ఇటుక పొగగొట్టం ఇంకా నిలబడే ఉంది, కింద తుప్పు పట్టిన బాయిలర్లు. గోడలకి దగ్గరగా పోవద్దు, ఇటుకలు వదులుగా ఉన్నాయి. తిరిగొస్తుంటే గోధుమరంగు ఆర్కిటిక్ నక్క ఒకటి మా ముందే దారి దాటింది. ఇక్కడ వాటిని వేటాడకూడదు కాబట్టి మనిషంటే భయం లేదు. ఎలుగుబంటి టెన్షన్‌తో ఉన్న మా ఆవిడ ఆ నక్కని చూసి మొదటిసారి నవ్వింది. మేం వచ్చేసరికి కప్పుకి రంగు వేస్తున్నాయన కిందికి దిగి మామయ్యగారికి తన వల చూపిస్తున్నాడు. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. వల కన్ను వెడల్పు వేళ్లతో చూపించుకుంటున్నారు.

రాత్రి ఈసాఫ్యోర్దుర్‌లో 1781 నాటి తారు గోదాములో ఉన్న త్యోరుహూసిద్ అనే హోటల్లో తిన్నాం. పెనాల మీదే చేపలు తెచ్చి పెడతారు, కావలసినంత వడ్డించుకోవచ్చు. తలకి పది వేల క్రోనాలకి దగ్గరైంది. కాడ్ చెంపల కోసం ఆ డబ్బు మళ్లీ ఇస్తాను.

వెబ్‌సైటుకి వాళ్ల ప్రకటన, పడవ ఆఫీసు పట్టిక ఫొటో రెండూ పంపాను. జవాబుగా పది శాతం కూపన్ వచ్చింది. వద్దని చెప్పి బ్యాంకులో ఫిర్యాదు వేశాను. భోజనం పేరిట తీసుకున్నంత వెనక్కి వచ్చింది, మిగతాది వదిలిపెట్టను.

మీరు వెళ్తే ఈసాఫ్యోర్దుర్ పడవవాళ్లకే నేరుగా రాయండి. పొద్దున పడవలో వెళ్లి సాయంత్రం ట్రెక్కింగ్ పడవలో రావడానికి సీట్లు ఉంటాయా అని అడగండి, రెండున్నర గంటల టూరు మాత్రం తీసుకోవద్దు. డాక్టరు గారి ఇంట్లో రాత్రి ఉండాలంటే మంచాలు కొన్నే, చలికాలంలోనే రాసి పెట్టుకోవాలి. గాలి లేస్తే పడవ ఆగిపోతుంది, అందుకని మర్నాడే రేక్యావిక్ నుంచి ఫ్లైటు పెట్టుకోకండి. జూలైలోనూ ఉన్ని టోపీ కావాలి. ఇళ్ల కిటికీల దగ్గరికి మాత్రం వెళ్లకండి, లోపల మనుషులుంటారు.