జాగ్రత్త: ‘మా సోలార్ ప్యానెల్‌కి రెండున్నర శాతం ఎక్కువ యూనిట్లు’ అని సిమ్యులేషన్ రిపోర్టు చూపిస్తే వెంటనే సంతకం పెట్టకండి

రెండూ 550 వాట్ల ప్యానెళ్లే. రెండింట్లోనూ 144 హాఫ్ కట్ సెల్సే, సైజూ దాదాపు ఒకటే. ఏడాదికి ఎంత కరెంటు వస్తుందో ముందే లెక్కగట్టే పీవీసిస్ట్ అనే సాఫ్ట్‌వేర్ రిపోర్టులో మాత్రం ఒకదానికి ఏడాదికి రెండున్నర శాతం ఎక్కువ కరెంటు కనిపిస్తుంది. దాన్ని చూపించే ఎక్కువ రేటు అడుగుతారు. బిగించాక ఆ అదనపు యూనిట్లు మీటర్లో కనబడక కొన్నవాళ్లు లబోదిబోమంటారు.

చిక్కంతా పాన్ ఫైల్లో ఉంటుంది. ప్యానెల్ గుణాలు సాఫ్ట్‌వేర్‌కి చెప్పే ఫైలు అది, చాలాసార్లు కంపెనీయే తయారుచేసి ఇస్తుంది. ప్యానెల్ మీద రాసిన వాట్లు చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండలో, సెల్ 25 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క. మిగతా వేళల లెక్కంతా ఆ ఫైల్లోని అంకెల మీదే నడుస్తుంది.

అన్నిటికంటే ముందు సిరీస్ రెసిస్టెన్స్, అంటే ప్యానెల్ లోపల కరెంటు దారికి ఉండే అడ్డు, చూడండి. దీన్ని పెంచి రాస్తే సిమ్యులేషన్‌లో ప్యానెల్ ఇంకా మంచిదైపోతుంది! ఫుల్ ఎండలో వాట్లు ఎలాగూ 550 దగ్గర కట్టేసి ఉంటాయి. రెసిస్టెన్స్‌లో పోయే పవర్ కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, ఎండ 200 వాట్లకు తగ్గి కరెంటు అయిదో వంతైతే ఆ నష్టం ఇరవై అయిదో వంతుకు పడిపోతుంది. దాంతో మబ్బు పట్టినప్పుడు, పొద్దునా సాయంత్రం ప్యానెల్ అదరగొడుతున్నట్టు లెక్క వస్తుంది. నిజానికి 200 వాట్ల ఎండలో మామూలు సిలికాన్ ప్యానెల్ సామర్థ్యం ఫుల్ ఎండలో ఉన్నదాంట్లో 97 శాతం దాకా ఉంటుంది. వంద దాటినట్టు ఉంటే నమ్మొద్దు.

తర్వాత ఐఏఎం, అంటే ఎండ నేరుగా పడినప్పటిని 1 అనుకుంటే, ఏటవాలుగా పడినప్పుడు గ్లాసు దాటి ఎంత లోపలికి వస్తుందనే లెక్క. వెలుగు తిరిగి పోకుండా కోటింగ్ ఉన్న గ్లాసుకి సాఫ్ట్‌వేర్ సొంత ఫ్రెనెల్ పట్టికలో 60 డిగ్రీల దగ్గర 0.962, 70 దగ్గర 0.892 ఉంటాయి. ఫైల్లో 70 దగ్గర 0.96 కనిపిస్తే ఆ గ్లాసుని ఏ ల్యాబ్ కొలిచిందో అడగండి.

రిపోర్టులో ఎక్కడెక్కడ ఎంత కరెంటు పోతుందో చూపే లాస్ డయాగ్రమ్‌లో ‘మాడ్యూల్ క్వాలిటీ’ గీత దగ్గర నష్టానికి బదులు లాభం కనిపించినా ఆగండి. టాలరెన్స్, అంటే రాసిన వాట్లకు అసలు వాట్లకు ఉండగల తేడా, 0 నుంచి +3 శాతం అని ఉంటే సాఫ్ట్‌వేర్ తనంతట తానే 0.75 శాతం కలిపేస్తుంది. ఎల్ఐడీ, అంటే కొత్త ప్యానెల్ మొదట ఎండ తగలగానే కోల్పోయే శాతం, ఒక ప్యానెల్‌కి 2, ఇంకోదానికి 0 పెట్టి పోల్చడమూ మామూలే. ఎన్-టైప్ సెల్‌కైతే సున్నా పెట్టడం సబబే, రెండూ పెర్క్ అనే పీ-టైప్ సెల్స్ అయితే మాత్రం కుదరదు.

నిజంగా తేడా తెచ్చేది టెంపరేచర్ కోఎఫిషియంట్, అంటే 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి పవర్ ఎంత శాతం తగ్గుతుందనే అంకె. సెల్ 60 డిగ్రీలకు వేడెక్కితే డిగ్రీకి 0.35 శాతం తగ్గే పెర్క్ 12.25 శాతం పోగొట్టుకుంటుంది, 0.30 తగ్గే టాప్‌కాన్ (ఒక రకం ఎన్-టైప్ సెల్) 10.5 శాతమే. ఈ లాభానికి డబ్బు పెట్టొచ్చు, డేటాషీట్‌లోనూ ఫైల్లోనూ అదే అంకె ఉంటే.

రిపోర్టుతోపాటు రెండు పాన్ ఫైళ్లూ తీసుకోండి. వాతావరణం ఫైలు, వాలు, ఇన్వర్టర్, మొత్తం కిలోవాట్లు, యూ-వాల్యూ (ప్యానెల్ వేడి ఎంత తేలిగ్గా బయటికి పోతుందో చెప్పే అంకె) ఒకేలా ఉంచండి. యూ-వాల్యూ ఒకదానికి 29, ఇంకోదానికి 20 పెడితే పోలికే చెడిపోతుంది. రెండింటికీ ఫ్రెనెల్ ఐఏఎం, క్వాలిటీ 0, ఒకే రకం సెల్ అయితే ఒకే ఎల్ఐడీ పెట్టి మళ్లీ నడపండి. వచ్చిన యూనిట్లను కిలోవాట్‌కి ఇంత అని చూడండి. తేడా అర శాతానికి పడిపోతే, అదనపు రేటు అడిగినవాళ్లను ఐఈసీ 61853 ప్రకారం బయటి ల్యాబ్ కొలిచిన ఫలితాలు తెమ్మనండి. ఆ ల్యాబ్‌లో పరీక్షించిన గ్లాసు, సెల్, మీకు పంపబోయే ప్యానెల్‌లో ఉన్నవి ఒకటేనని ఒప్పందంలో రాయించుకోండి.