జింక్ సల్ఫేట్ 21 శాతం బస్తా: ఎవరు కొనాలి, ఎట్లా వాడాలి

మట్టి పరీక్షలో జింక్ 0.6 పీపీఎం (కిలో మట్టిలో 0.6 మిల్లీగ్రాములు) కన్నా తక్కువ వచ్చినవాళ్లకు ఇది మంచి కొనుగోలు. అంతకన్నా ఎక్కువున్న చేనుకు ఈ ఖర్చు వద్దు.

అలంపూర్ వైపు నల్లరేగడిలో పొగాకు వేసేవాళ్లకైనా, సాగర్ ఎడమ కాలువ కింద ఏటా రెండు కార్లు వరి పండించేవాళ్లకైనా జింక్ ఇబ్బంది ఒకటే. ఏటేటా డీఏపీ, కాంప్లెక్స్ లాంటి భాస్వరం ఎరువులు అవసరానికి మించి వేస్తే నేలలో భాస్వరం పేరుకుపోయి వేర్లు జింక్‌ను సరిగా తీసుకోలేవు. సున్నం ఎక్కువున్న రేగడిలో అయితే ఉన్న జింక్ కూడా కరగదు. పొగాకులో ఆకంతా చేను దాటిపోతుంది కాబట్టి తిరిగి నేలకు చేరేది తక్కువ.

సంచి మీద ‘హెప్టాహైడ్రేట్, జింక్ 21%, గంధకం 10%’ అని ఉండాలి. వరికి ఎకరాకు 20 కిలోలు, మూడు పంటలకోసారి వేస్తే 4.2 కిలోల జింక్ అందుతుంది. 33 శాతం జింక్ ఉండే మోనోహైడ్రేట్ రకం అయితే 12.7 కిలోలతోనే అంత జింక్ వస్తుంది. అందుకే సంచి ధర కాదు, కిలో జింక్ ఎంత పడుతుందో లెక్కేసుకోవాలి. ఆకుల మీద కొట్టే చీలేటెడ్ జింక్ (12%) లీటరు నీటికి గ్రాము చొప్పున ఎకరాకు 200 లీటర్లు కొట్టినా చేరేది 24 గ్రాములే. అది పైరును ఆదుకుంటుంది గానీ నేల లోటు తీర్చదు.

ఈ సరుకులో పెద్ద బెడద కల్తీ. మెగ్నీషియం సల్ఫేట్‌ను జింక్ అని అంటగడతారు, చూపుకు రెండూ ఒకటే. చెంచాడు మందును గ్లాసు నీళ్లలో కరిగించి, విడిగా కరిగించి వడగట్టిన డీఏపీ తేట నీళ్లు అందులో పోయండి. తెల్లగా, చిక్కగా విరిగితే జింక్ ఉన్నట్టు, విరగకపోతే సరుకు తిప్పి ఇచ్చేయండి. శాతం ఎంతో మాత్రం ల్యాబే చెప్పాలి, కాబట్టి బ్యాచ్ నంబరుతో బిల్లు తీసుకోండి. వానకాలం గడ్డ కట్టడం మాత్రం కల్తీ కాదు, తేమ వల్ల అట్లా అవుతుంది.

గ్లాసులో జరిగిందే మడిలోనూ జరుగుతుంది. డీఏపీతో కలిపి చల్లితే జింక్ అక్కడే బిగుసుకుపోయి డబ్బు మట్టిపాలవుతుంది. ఆఖరి దుక్కిలో ఇసుకతో కలిపి చల్లి, భాస్వరం మందుకు కనీసం మూడు రోజులు ఎడం ఇవ్వండి. నాట్లయ్యాక రెండు నుంచి నాలుగు వారాల్లో ఆకుల మీద తుప్పు మచ్చలు కనబడితే లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి, ఐదు రోజుల ఎడంతో రెండు మూడుసార్లు పిచికారీ చేయాలి.

పొగాకు రైతులకు ఇంకో మాట. జింక్‌తోపాటు మామూలు పొటాష్ (మ్యూరేట్) ఇస్తే తీసుకోవద్దు. దాంట్లోని క్లోరిన్ ఆకుకెక్కి ఆకు సరిగా కాలదు, ధర పడిపోతుంది. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ అడగండి.

పరీక్షకు మట్టిని 15 సెంటీమీటర్ల లోతు వరకు, ఎనిమిది పది చోట్ల తీసి ప్లాస్టిక్ బకెట్లో కలపండి. జింక్ పూత ఉన్న రేకు బకెట్ వాడితే ఆ పూత మట్టికంటి, లేని జింక్ ఉన్నట్టు రిపోర్టు వస్తుంది.