ఎల్రేథియా కింగై: తక్కువ ధరకు దొరికే అసలు ట్రైలోబైట్, కొనేముందు చూడాల్సినవి

ట్రైలోబైట్ (కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో బతికి అంతరించిపోయిన, పట్టీల కవచమున్న జీవి) శిలాజం ఒకటి ఇంట్లో ఉండాలనుకునేవాళ్ల కళ్లు ముందుగా మొరాకో సరుకు మీదే పడతాయి. పొడుచుకొచ్చిన కళ్లు, ఒంటినిండా ముళ్లు, నల్లటి నిగారింపు. దాని పక్కన పెడితే అమెరికాలోని యూటా నుంచి వచ్చే ఎల్రేథియా కింగై వెలవెలబోతుంది. రెండు మూడు సెంటీమీటర్ల కోడిగుడ్డు ఆకారపు నల్ల బిళ్ల, ముళ్లు లేవు, కళ్లు చిన్నవి. అయినా మొదటిసారి కొనేవాళ్లకు మా సిఫారసు దీనికే. ఇది అంత విరివిగా దొరుకుతుంది కాబట్టి, అంత చౌక కాబట్టి, రెసిన్‌తో (గట్టిపడే ప్లాస్టిక్ ద్రవంతో) పోతపోసి నకిలీ తయారుచేస్తే ఎవరికీ గిట్టుబాటు కాదు. మొరాకో సరుకులో మంచివి లేవని కాదు, అద్భుతమైనవి ఉన్నాయి. కానీ అందులో ఎంత రాయో ఎంత రెసినో తేల్చుకోవడానికి అలవాటుపడ్డ కన్ను కావాలి.

ఎల్రేథియాలోనూ మోసాలు లేకపోలేదు, వాటి తీరు వేరు. ముందు సరుకు సంగతి.

ఇవన్నీ దాదాపు ఒకే చోటి నుంచి వస్తాయి. యూటా రాష్ట్రం మిల్లర్డ్ కౌంటీలో హౌస్ రేంజ్ కొండల దగ్గర వీలర్ షేల్ అనే పలకరాతి పొర ఉంది. మధ్య కేంబ్రియన్ కాలంనాటిది, వయసు 50 కోట్ల ఏళ్లు దాటింది. ఈ జాతిని 1870లో మీక్ అనే శాస్త్రవేత్త వేరే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) కింద వర్ణించాడు. ఎల్రేథియా అనే ప్రజాతిని వాల్కాట్ అనే మరో శాస్త్రవేత్త 1924లో నెలకొల్పాడు. ఒకే జాతి ఇంత గుంపులుగా ఎందుకుందన్నదానికి గెయిన్స్, డ్రోజర్ అనే పరిశోధకులు 2003లో ఒక వివరణ ఇచ్చారు. సముద్రం అడుగున ఆక్సిజన్ బాగా తక్కువై, మిగతా జీవులు తట్టుకోలేని అంచు ప్రాంతంలో ఇది బతికిందని వాళ్ల వాదన. పోటీ లేని చోట సంతతి పెరిగిపోయింది.

కొనేవాడికి అంతకన్నా పనికొచ్చే విషయం మరొకటుంది. చాలా ఎల్రేథియాల అడుగున రెండు మూడు మిల్లీమీటర్ల మందాన కాల్సైట్ (సున్నపురాయిలో ఉండే ఖనిజం) పేరుకుని ఉంటుంది. సన్నని శంకువులు ఒకదానిలో ఒకటి దూర్చినట్టుండే ఈ నిర్మాణాన్ని కోన్-ఇన్-కోన్ అంటారు. దీనివల్లే శిలాజం చుట్టూ ఉన్న పలకరాయి కన్నా గట్టిపడింది, రాయి చీలగానే కోటు బొత్తాం ఊడినట్టు విడిగా ఊడి వస్తుంది. విడి ఎల్రేథియా కొంటే తప్పకుండా తిరగేసి చూడండి. అడుగున నిలువు పోగుల్లాంటి గరుకైన కాల్సైట్ కనిపిస్తే అది అసలు రాయి అనడానికి మంచి ఆధారం. పోతపోసినదైతే అడుగు నున్నగా ఉంటుంది, లేదా భూతద్దంలో చిన్న చిన్న గాలిబుడగల గుంటలు కనిపిస్తాయి. ఈ కాల్సైట్ వల్ల ఒక లోటూ ఉంది: అడుగుభాగం మొత్తం కప్పేస్తుంది కాబట్టి కాళ్లు కనిపిస్తాయని ఆశపడొద్దు. మీరు కొనేది వీపు మీది కవచం.

ఇక నాణ్యత. ఇక్కడ ఒకే ఒక్క మాట గుర్తుంటే చాలు: చెంపలు. తల కవచానికి రెండు పక్కలా విడిగా ఊడే భాగాలుంటాయి, వాటిని ఫ్రీ చీక్స్ అంటారు. ట్రైలోబైట్ పెరిగేకొద్దీ కవచం విడిచేది. అప్పుడు తల మీది అతుకుల దగ్గర చీలిక పడి చెంపలు వేరయ్యేవి. మనకు దొరికేవాటిలో చాలాభాగం ఇలా విడిచిన కవచాలే. రెండు చెంపలూ ఉంటే తల ముందుభాగం వెడల్పుగా అర్ధచంద్రంలా ఉంటుంది, దాని మూలలు కొద్దిగా వెనక్కి సాగుతాయి. చెంపలు లేకపోతే తల ఇరుకై, నడుముకన్నా సన్నగా కనిపిస్తుంది. అమ్మేవాళ్లు చాలామంది రెంటినీ 'కంప్లీట్' అనే రాస్తారు. ఫొటో పెద్దది చేసి చూసుకోవాల్సింది మీరే. చెంపలు లేనిది పనికిరానిదేం కాదు, పిల్లలకు చూపించడానికి భేషుగ్గా సరిపోతుంది. కానీ చెంపలున్నదాని ధర పెట్టొద్దు.

తర్వాత మధ్యభాగంలో పట్టీలు లెక్కపెట్టండి. ఎల్రేథియా కింగైకి సాధారణంగా 13 ఉంటాయి. లెక్క బాగా తగ్గి, తోక కవచం దాదాపు తలంత పెద్దగా ఉంటే మీ చేతిలో ఉన్నది అదే పొరలో దొరికే అసాఫిస్కస్ వీలరై అనే మరో ట్రైలోబైట్ అయ్యుండొచ్చు. ఇది ఇంకా పెద్దగా పెరుగుతుంది, 'జంబో ఎల్రేథియా' అని అంటగడుతుంటారు. ఒక రకంగా మీకు లాభమే, అసాఫిస్కస్ ఎల్రేథియా అంత విరివిగా దొరకదు. తలా తోకా ఒకేలా ఉండి మధ్యలో రెండే పట్టీలున్న, సెంటీమీటరు కూడా లేని బుల్లి రకం అగ్నాస్టిడ్. అదే రాయి మీద ఎల్రేథియా పక్కన ఒక అగ్నాస్టిడ్ ఉంటే కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

అంచున చిన్న వంపు కొరికినట్టు ఉంటే 'వేటజంతువు కాటు' అని ధర పెంచేస్తారు. ఎల్రేథియాల్లో మానిన కాట్లు ఉన్నమాట నిజమే, పరిశోధకులు నమోదు చేశారు కూడా. కాకపోతే పరీక్ష చేయండి. మానిన గాయమైతే అంచు గుండ్రంగా, దళసరిగా ఉంటుంది, పట్టీల కొనలు ఆ వంపును అనుసరించి లోపలికి సర్దుకుని ఉంటాయి. పదునుగా, తెల్లటి కాల్సైట్ బయటపడేలా విరిగి ఉంటే అది సుత్తి కాటు.

రాతిపలక మీద ఉన్నవి కొనేటప్పుడు ఇంకాస్త జాగ్రత్త పడాలి. విడిగా ఊడొచ్చిన ఎల్రేథియాల్ని మామూలు పలక మీద జిగురుతో అంటించి 'మ్యాట్రిక్స్ మీద' (అంటే అది పుట్టిన రాయి మీదే ఉందని) అమ్మడం ఈ సరుకులో అన్నిటికన్నా మామూలు మోసం. శిలాజం అసలుదే, పలకా అసలుదే, కలిసి ఉండటం మాత్రమే అబద్ధం. పది రెట్ల భూతద్దంతో శిలాజం చుట్టూ అంచు వెంబడి చూడండి. సహజమైనదైతే పలక పొర శిలాజం అంచు కిందికి ఖాళీ లేకుండా సాగిపోతుంది. అంటించినదైతే వెంట్రుకవాసి సందు, అందులో మెరిసే జిగురో, రాతిపొడి కలిపిన పేస్టో కనిపిస్తుంది. అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే చాలా జిగురులు తెల్లగానో నీలంగానో వెలుగుతాయి. కొన్ని చోట్ల కాల్సైట్ కూడా వెలుగుతుంది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మొద్దు. అమ్మేవాడు ఒప్పుకుంటే గోళ్లరంగు తుడిచే ద్రవమైన అసిటోన్‌లో తడిపిన దూదిపుల్లతో అంచు మీద రుద్దండి, నల్లరంగు పూసి ఉంటే దూదికి అంటుతుంది.

ఒకే పలక మీద నాలుగైదు ఉన్నాయా? అన్నీ నిండుగా, చెంపలతో సహా, వీపు పైకి, ఒకే దిక్కుకు తిరిగి ఉంటే మా లెక్కలో అనుమానించాల్సిందే. సహజమైన పలక చిందరవందరగా ఉంటుంది. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా, పక్కన ఊడిపడ్డ చెంప, ఎక్కడో ఒంటరి తోక. చూపులకు అందం తక్కువ, అయినా డబ్బు పెట్టాల్సింది దానికే.

ఎక్కడ దొరికిందో రాసిన చీటీ అడగండి. వీలర్ షేల్, హౌస్ రేంజ్, మిల్లర్డ్ కౌంటీ, యూటా అని నాలుగూ ఉండాలి. ఒట్టి 'కేంబ్రియన్, అమెరికా' అంటే అమ్మేవాడికే తెలియదన్నమాట.

స్వయంగా తవ్వుకోవాలనుకునే అమెరికాలోని మనవాళ్లకు యూటాలోని డెల్టా ఊరికి పడమరగా యూ-డిగ్ ఫాసిల్స్ క్వారీ ఉంది. డెల్టా నుంచి సుమారు 52 మైళ్లు. హైవే 6/50 మీద వెళ్లి చివరి 20 మైళ్లు కంకరరోడ్డు పట్టాలి. డెల్టా దాటాక పెట్రోలు మీద ఆశ పెట్టుకోవద్దు. టాంకు నింపుకుని, స్టెప్నీలో గాలి చూసుకుని బయల్దేరండి. నీళ్లు మనిషికి నాలుగు లీటర్లకు తగ్గకుండా, తినడానికి పులిహోరో చపాతీలో కట్టుకుని వెళ్లడం మేలు. ఇది చలికాలంలో మూసేసే క్వారీ. తేదీలు, రుసుము ముందే కనుక్కోండి.

ఈ క్వారీలో మెచ్చుకోవాల్సింది పైమట్టి తీసేసి తాజా పలకరాయి బయటపెట్టి ఉంచడం, సుత్తి, బకెట్ వాళ్లే ఇవ్వడం, దొరికింది దొరికినట్టు తీసుకెళ్లనివ్వడం. నాలుగు గంటలు కొడితే సాధారణంగా 10 నుంచి 20 దాకా దొరుకుతాయని యూటా భూగర్భ సర్వే చెబుతుంది. ఆ అంకె చూసి పొంగిపోకండి, అందులో ఎక్కువ చెంపలు లేనివి, సగానికి విరిగినవీ ఉంటాయి. ఒక్క మంచి నమూనా మాత్రమే కావాలంటే ఇంట్లో కూర్చుని కొనుక్కోవడమే చౌక. తవ్వే సరదా, పిల్లల ముఖాల్లో ఆనందం కావాలంటే మాత్రం దీనికి తిరుగులేదు.

కొట్టడంలో కిటుకుంది. కొత్తవాళ్లు పలకను నేలమీద పడుకోబెట్టి పైనుంచి దబీమని కొడతారు. అది పొర వెంట చీలకుండా అడ్డంగా ముక్కలవుతుంది, లోపలి శిలాజమూ దాంతోపాటే. మూడు నాలుగు సెంటీమీటర్ల మందం పలక తీసుకుని అంచు మీద నిలబెట్టండి. అంచులో కనిపించే పొరగీత మీద సుత్తి పలుచటి కొనతో నెమ్మదిగా టక్‌టక్‌మని వరసగా తట్టుకుంటూ పోతే పుస్తకంలా విచ్చుకుంటుంది. విచ్చుకున్నాక రెండు ముఖాలూ చూడండి: ఒకదాని మీద ఉబ్బు, రెండోదాని మీద అచ్చు. రెండూ దాచుకోండి. కాళ్ల దగ్గర నేల కూడా వెతకండి, ఊడిపడ్డవి అక్కడే ఉంటాయి. సగం కనిపిస్తున్నదాన్ని అక్కడికక్కడే పూర్తిగా తీయబోయి విరగ్గొట్టుకునేవాళ్లే ఎక్కువ, చుట్టూ రాయి ఉండగానే న్యూస్‌పేపర్‌లో చుట్టేయండి. కంటి అద్దాలు లేకుండా సుత్తి ఎత్తొద్దు, పలకరాతి పెచ్చులు పదునుగా ఎగురుతాయి. మీ సొంత సుత్తి ఉంటే విమానంలో చెక్-ఇన్ సామానులో వేయండి, చేతిసంచిలో పోనివ్వరు.

క్వారీ బయట అమెరికా కేంద్ర ప్రభుత్వ భూముల్లో సొంతానికి కొద్దిపాటి ఏరుకోవడానికి సాధారణంగా అనుమతి ఉంది, అమ్మడానికి లేదు. చుట్టుపక్కల లీజుకిచ్చిన భూములూ ఉన్నాయి కాబట్టి మ్యాపు చూసుకోకుండా దిగొద్దు.

ఇంటికొచ్చాక శుభ్రం చేయడంలోనే ఎక్కువ శిలాజాలు పాడవుతాయి. ఇత్తడి సామాను తోమిన అలవాటుకొద్దీ చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ పట్టించారో, అంతే సంగతులు. శిలాజం కాల్సైట్, ఆమ్లం తగిలితే నురగలు కక్కి కరిగిపోతుంది. మామూలు నీళ్లు, మెత్తటి టూత్‌బ్రష్ చాలు. పలకతో ఉన్నదాన్ని నానబెట్టొద్దు, పొరలు విడిపోతాయి. తడిపి, తోమి, నీడలో ఆరబెట్టండి. మిగిలిన మట్టిని వెదురుపుల్లతో గీకండి. సూది వాడాల్సి వస్తే శిలాజానికి అవతలి దిక్కుగా నెట్టండి, కాల్సైట్ గట్టిదనం పదికి లెక్కేసే మోస్ కొలతలో 3 మాత్రమే, ఉక్కు ఇట్టే గీత పెడుతుంది. గాలితో సన్నని పొడి చిమ్మి మట్టి తొలగించే యంత్రం ఉన్నవాళ్లు వంటసోడా పొడి వాడితే మెరుపు నిలుస్తుంది, డోలమైట్ పొడి త్వరగా పని చేస్తుంది గానీ అది కాల్సైట్ కన్నా గట్టిది, పై నిగారింపు పోతుంది.

విరిగితే అసిటోన్‌లో కరిగించిన పారలాయిడ్ బి-72 అనే జిగురు వాడండి, తేడా వస్తే అసిటోన్‌తోనే విప్పుకోవచ్చు. ఫెవిక్విక్ తొందరగా పట్టేస్తుంది, కానీ నల్లటి కవచం మీద తెల్లటి పొగలా మరక వదులుతుంది. మెరుపు కోసం కొబ్బరినూనె, వార్నిష్ పూసే అలవాటు మానుకోండి. దుమ్ము పట్టి నెలలోనే జిడ్డోడుతుంది.

మన దగ్గర దొరకవా అని చాలామంది అడుగుతారు. దేశంలో ట్రైలోబైట్లు ఉన్నాయి, హిమాలయాల్లో స్పితి, కశ్మీర్ కేంబ్రియన్ పొరల్లో. కడప, కర్నూలు నాపరాళ్లలో వెతికితే మాత్రం శ్రమ దండగ, అవి ప్రీకేంబ్రియన్ రాళ్లు, ట్రైలోబైట్లు పుట్టకముందువి. నాపరాతి మీద ఫెర్న్ ఆకులా కనిపించే నల్లటి కొమ్మల గుర్తులు కూడా శిలాజాలు కావు, పగుళ్లలో పేరుకున్న మాంగనీసు ఆక్సైడు.

చివరగా లాకెట్లు. ఎల్రేథియాను మెడలో వేసుకోవడం కొత్తేమీ కాదు, ఆ ప్రాంతపు పావంట్ యూట్ అనే ఆదివాసీ జనం రక్షగా కట్టుకునేవారు. ఇప్పుడు అమ్మేవాటిలో తల దగ్గర చిల్లు వేసిన రకం కొనొద్దు, చిల్లు చుట్టూ సన్నని పగుళ్లు మొదలై కొన్నాళ్లకు తల ముక్క రాలిపోతుంది. అంచు చుట్టూ వెండి పట్టీతో బిగించినది తీసుకోండి. మన ఎండల్లో చెమట ఆమ్లం కాల్సైట్ మెరుపును తినేస్తుంది కాబట్టి వెనకవైపు కూడా మూసి ఉన్న బిళ్లే మేలు. వేసుకుని తీసిన ప్రతిసారీ తడిగుడ్డతో తుడిచి, బంగారం నగలతో కలపకుండా విడి సంచిలో పెట్టండి.