ఎముకలకు డి మాత్రా, కసరత్తా?

మా అమ్మకు 71. అమలాపురం దగ్గర మా ఊళ్లో ఆ వయసువాళ్లు కలిస్తే "వారం వారం డి మాత్ర వేసుకుంటున్నా, ఎముకలకు ఢోకా లేదు" అంటారు. ఆ ధీమా వింటేనే నాకు టెన్షన్.

తిన్నదాంట్లోని కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి. బాగా లోపముంటే ఎముక మెత్తబడుతుంది, తొడ కండరాలు నీరసిస్తాయి. అప్పుడు మాత్ర తప్పదు. లోపం లేనివాళ్ల సంగతి వేరు. అమెరికాలో దాదాపు 26 వేలమందితో, రోజుకు 2,000 యూనిట్ల మోతాదుతో చేసిన పరిశోధన ఫలితం 2022లో వచ్చింది: ఎముకలు విరగడం తగ్గలేదు. పరీక్ష లేకుండా 60 వేల యూనిట్ల మాత్ర నెలల తరబడి మింగితే రక్తంలో కాల్షియం పెరిగే ప్రమాదం కూడా ఉంది.

కసరత్తు దారి వేరు. పెద్దవాళ్లకు తుంటి విరిగేది ఎక్కువగా పడిపోవడం వల్లే. నిలకడ, కాళ్ల బలం పెంచే కసరత్తులతో పడిపోవడం సుమారు నాలుగో వంతు తగ్గుతుంది. డి మాత్ర ఇంత చేయదు. ఒట్టి నడక మాత్రం చాలదు. పైగా వానాకాలం కాలువ గట్టంతా జారుడే. అందుకే అమ్మ అరుగు మీదే, స్తంభం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడుతుంది. మొదటిరోజు ఆరు లెక్కపెట్టేలోపే కాలు దించేసింది. ఇప్పుడు ఇరవై దాకా వచ్చింది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేస్తుంది కూడా.

ఒకటే ఎంచుకోమంటే నేను కసరత్తే అంటాను. వెన్నుపూస ఇప్పటికే విరిగినవాళ్లు మాత్రం ముందుకు వంగే కసరత్తుల జోలికి పోకూడదు, డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.