జార్జియా రిలీఫ్ ఆఫీసు, 1933–35: గే షెపర్సన్ నడిపిన సర్వీసుకి మార్కులు

ముందే చెప్పేస్తున్నాను. విచారణ పద్ధతికి ఐదుకి నాలుగు. చేతికందిన సాయానికి రెండు. అందరినీ ఒకే కొలతతో కొలిచిందా అంటే ఒకటి, అదీ మొహమాటానికి. నడిపినావిడకి నాలుగున్నర. వీటన్నిటికీ సగటు తీస్తే అర్థం లేదు కాబట్టి తియ్యడం లేదు.

ఈ మార్కులు అమెరికాలోని జార్జియా రాష్ట్రపు ఎమర్జెన్సీ రిలీఫ్ సర్వీసుకి. మహా మాంద్యంలో, 1933 నుంచి 1935 చివరి దాకా, పని పోయిన కుటుంబాలకి తిండి, బొగ్గు, మందులు, వీలైతే కూలిపని ఇచ్చిన ఆఫీసులివి. హెడ్డాఫీసు అట్లాంటాలో. చూసుకోవాల్సినవి 159 కౌంటీలు. డైరెక్టరు గే బోలింగ్ షెపర్సన్. వర్జీనియాలో పుట్టి, రెడ్‌క్రాస్‌లో చేసి, 1920ల చివర్లో జార్జియా సంక్షేమ శాఖకి వచ్చిన సోషల్ వర్కర్. రాష్ట్రస్థాయి రిలీఫ్ కుర్చీలో ఆడమనిషి కనబడటం ఆ రోజుల్లో అరుదు. పైగా గవర్నరు యూజీన్ టాల్మడ్జ్‌కి రిలీఫ్ అన్న మాటే గిట్టదు.

డబ్బు సంగతి తెలియకపోతే మిగతాది అర్థం కాదు, అందుకని అది ముందు. 1932లో వాషింగ్టన్ రిలీఫ్ కోసం రాష్ట్రాలకి 30 కోట్ల డాలర్లు కేటాయించింది గానీ అది అప్పు. 1933 మే 12న సంతకమైన చట్టం 50 కోట్లు పెట్టింది, ఈసారి గ్రాంటుగా. అందులో సగానికి ఒక లెక్క ఉంది: గడిచిన మూడు నెలల్లో రాష్ట్రంలో ప్రభుత్వ సొమ్ము మూడు డాలర్లు రిలీఫ్‌కి ఖర్చయి ఉంటే కేంద్రం ఒక డాలరు కలుపుతుంది. మిగతా సగం అవసరాన్ని బట్టి, ఫెడరల్ రిలీఫ్ అధిపతి హ్యారీ హాప్కిన్స్ ఇష్టం. జార్జియా ఖజానా తన వంతుగా చెయ్యి విదల్చలేదు. కాబట్టి అక్కడ సర్వీసు నడిచిందంటే ప్రధానంగా ఆ రెండో సగం పుణ్యమే. సొమ్ము వాషింగ్టన్‌ది, పెత్తనం మాత్రం తనదంటాడు గవర్నరు. చెక్కులూ నియామకాలూ తన చేతిమీదుగానే పోవాలని పట్టు. ఈ సర్వీసు జాతకమంతా ఈ ఒక్క ముడిలో ఉంది.

ఇక కౌంటరు దగ్గరికి వద్దాం. ఇంట్లో ఎందరు, ఆఖరి పని ఎక్కడ, ఎప్పుడు పోయింది, అద్దె ఎంత, ఇన్సూరెన్సు పాలసీ ఉందా, ఆదుకునే చుట్టాలున్నారా, ఇవన్నీ మొదటి కూర్చోవడంలోనే చెప్పాలి. పెద్ద పట్టణాల్లో ఆ పేరుని సోషల్ సర్వీస్ ఎక్స్ఛేంజి కార్డులతో సరిచూసేవారు. ఇదే కుటుంబం ఇంకో సంస్థ దగ్గర కూడా తీసుకుంటుంటే అక్కడ దొరికిపోతుంది. పల్లె కౌంటీల్లో అలాంటి కార్డుల పెట్టె ఎక్కడిది? కొట్టువాణ్ణో పాస్టరునో అడిగి తెలుసుకోవాల్సిందే.

తర్వాత విజిటరు, అంటే ఇంటింటికీ తిరిగి విచారించే ఉద్యోగి, ఇంటికి వస్తుంది. 1933 జులైలో వచ్చిన ఫెడరల్ నిబంధన ఏం చూడాలో ఒక్కొక్కటే చెప్పింది: ఆలస్యం లేకుండా ఇంటికి వెళ్ళడం, ఇల్లూ పొలమూ బ్యాంకు ఖాతా వాకబు చెయ్యడం, ఈమధ్య పని ఇచ్చిన యజమాని ఒక్కరితోనైనా మాట్లాడటం, చుట్టాలు, స్నేహితులు, చర్చి ఏమాత్రం సాయం చెయ్యగలరో తేల్చడం. ఆ పైన నెలకి ఒక్కసారైనా కుటుంబాన్ని చూసి రావాలి. ప్రతి స్థానిక ఆఫీసులో శిక్షణా అనుభవమూ ఉన్న విచారణాధికారి కనీసం ఒకరు ఉండాలి. పెద్ద చోట్ల ఇరవై మంది విజిటర్లకి మించకుండా ఒక సూపర్‌వైజరు. కాగితం మీద చాలా శుభ్రంగా రాసిన నిబంధన ఇది, నాలుగు మార్కులూ దానికే.

దీనికి ముందు వచ్చిన మొదటి నిబంధన ఇంకా పెద్ద మార్పు. ప్రభుత్వ సొమ్ముని ప్రభుత్వ సంస్థలే పంచాలి, 1933 ఆగస్టు 1 నుంచి ప్రైవేటు ధర్మసంస్థల చేతికి ఇవ్వకూడదు. చర్చి కమిటీలో పెద్దావిడ 'వీళ్ళు మంచివాళ్ళు, వాళ్ళు తాగుబోతులు' అని తేల్చే రోజులు పోయి, లోటు ఎంత అన్నదే ప్రశ్న అయింది. కనీసం అలా అవ్వాలని రాసుంది.

లోటు లెక్క తేలేది బడ్జెట్ కాగితం మీద. పద్ధతి తెలియడానికి ఊహించి వేసిన అంకెలు ఇవి. ఐదుగురున్న ఇల్లు, నెలకి తిండి 16 డాలర్లు, అద్దె 6, బొగ్గూ దీపం 3, బట్టలూ సబ్బూ 3. మొత్తం 28. తల్లి ఇళ్ళల్లో బట్టలుతికి తెచ్చేది 7, పెద్దవాడు పేపర్లు వేసి తెచ్చేది 3. పోగా లోటు 18. ఆఫీసు ఇవ్వాల్సింది ఆ 18. చూడ్డానికి న్యాయంగానే ఉంది కదా. తల్లికి ఇంకో ఇల్లు దొరికి 2 డాలర్లు ఎక్కువ వచ్చిందనుకోండి, వచ్చే నెల కాగితంలో లోటు 16 అవుతుంది. అంటే ఆ ఉతుకుడంతా వృథా. చిన్నాచితకా సంపాదన జనం ఎందుకు దాచేవారో తెలియాలంటే ఈ తీసివేత చూస్తే చాలు. 'మోసం' అని ఆఫీసు రాసుకున్నవాటిలో చాలా భాగం ఈ కాగితమే పుట్టించినది.

రెండో చిక్కు నెల మధ్యలో వస్తుంది. గ్రాంటు నెలనెలా వాషింగ్టన్ నుంచి రావాలి, వచ్చేది ఎంతో ముందు తెలియదు. తక్కువ వస్తే లోటులో కొంతే ఇస్తారు, మొదట కోత పడేది అద్దెకి. తిండి ఆపితే ఊరు గోల పెడుతుంది, అద్దె ఆపితే ఇంటాయన ఒక్కడే గోల పెడతాడు. దేశం మొత్తం మీద 1933 మేలో ఒక కుటుంబానికి నెలకి సగటున అందింది 15 డాలర్ల చిల్లర. ఏడాది తర్వాత అది 24 డాలర్ల పైకి చేరింది. దక్షిణాది పల్లెలు ఆ సగటుకి చాలా కిందే ఉన్నాయి.

చేతికొచ్చేది ఎక్కువసార్లు నగదు కాదు, కిరాణా ఆర్డరు. దాన్ని కొట్టుకి తీసుకెళ్ళి, ఒప్పుకున్న సరుకులే కొనాలి, చిల్లర తిరిగి రాదు. కొట్టువాడు ఆర్డరుని బిల్లుతో కలిపి ఆఫీసుకి పంపి డబ్బు తీసుకోవాలి. ఆ చెల్లింపు ఆలస్యమైతే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు: నాసిరకం పిండి, ఒక మెట్టు పై ధర, వరసలో అందరికంటే చివర. పక్కింటావిడ నాణేలిచ్చి కొంటుంటే కౌంటరు మీద ఆ కాగితం పెట్టాల్సి రావడం ఇంకో శిక్ష. సోషల్ వర్కర్లు నగదే ఇవ్వమని ఎందుకు పోరారో దీంతో అర్థమవుతుంది. 1933 అక్టోబరు నుంచి మిగులు సరుకుల కార్పొరేషన్ ఉప్పు పంది మాంసం, పిండి, వెన్న పంపింది. నియమం ప్రకారం అవి ఆర్డరుకి అదనం. చాలాచోట్ల ఆర్డరులోంచి తగ్గించి సరిపెట్టేశారు.

సిబ్బంది దగ్గర షెపర్సన్ పనితనం కనబడుతుంది. శిక్షణ ఉన్నవాళ్ళు రాష్ట్రంలో చాలినంత మంది లేరు, బయటినుంచి తెస్తే 'మన డబ్బు పరాయివాళ్ళ జీతాలకా' అని రాజకీయం. అయినా శిక్షణ లేనివాళ్ళకి విచారణ అప్పగించడానికి ఆమె ఒప్పుకోలేదు. ఫెడరల్ నిధులతో కొందరిని సోషల్ వర్క్ స్కూళ్ళకి పంపే ఏర్పాటు 1934లో వచ్చాక ఊపిరి కాస్త తిరిగింది. కౌంటీ పెద్దలు కోరుకున్నది మాత్రం వేరు, ఓట్లు తెచ్చిన వాళ్ళ మేనకోడలికి విజిటరు ఉద్యోగం.

పని ఇచ్చిన భాగం గురించి. 1933 ఆగస్టు నుంచి పని రిలీఫ్‌లో గంటకి కనీసం 30 సెంట్లు. నవంబరులో సివిల్ వర్క్స్ అనే తాత్కాలిక ఫెడరల్ కూలిపని పథకం వచ్చి దక్షిణాదిలో నైపుణ్యం లేని కూలీకి గంటకి 40 సెంట్లు పెట్టింది. సివిల్ వర్క్స్‌లో సగం మంది రిలీఫ్ జాబితా నుంచి, సగం మంది ఏ విచారణా లేకుండా. పొలంలో పొద్దస్తమానం చేసినా 50 సెంట్లు రాని చోట గంటకి 40 అంటే భూస్వాములకి కడుపు మండింది, వాళ్ళ తరఫున గొంతెత్తింది టాల్మడ్జ్. 1934 జనవరిలో హాప్కిన్స్ జార్జియా సివిల్ వర్క్స్‌ని గవర్నరు చేతిలోంచి తప్పించి షెపర్సన్‌కి అప్పగించాడు. చట్టంలో, రాష్ట్రం అడ్డం తిరిగితే రిలీఫ్‌నంతా వాషింగ్టనే తీసుకునే దారి కూడా ఉంది. ఓక్లహోమా, నార్త్ డకోటా, మసాచుసెట్స్, ఒహాయో, లూసియానాలతో పాటు జార్జియా కూడా ఆ దారిన వెళ్ళింది, 1935 ఏప్రిల్‌లో. అప్పటినుంచి ఆమె రాష్ట్ర ఉద్యోగి కాదు, ఫెడరల్ అధికారి. చేసేది అదే పని, కూర్చునేది అదే బల్ల దగ్గర. పై సంతకం మారేసరికి ఫైళ్ళు కదిలాయి.

ఆడవాళ్ళకి చూపించిన పని కుట్టు గదులు. మిసిసిపీ నుంచి వచ్చిన ఎలెన్ వుడ్‌వర్డ్ వాషింగ్టన్‌లో మహిళా విభాగం చూస్తే, జార్జియాలో నర్సుగా పేరున్న జేన్ వాన్ డి వ్రీడ్ ఆ పని చూశారు. కుట్టినవి బజారులో అమ్మకూడదు, ప్రైవేటు వ్యాపారానికి పోటీ అవుతుంది. అవి రిలీఫ్ ఇళ్ళకే వెళ్తాయి. ఒకే తాను నుంచి వందల గౌన్లు తీస్తే ఆ పూలగుడ్డ వేసుకొచ్చిన పిల్లని బడిలో అందరూ గుర్తుపడతారు. దీనికి మందు చాలా తేలిక: ఒక్కో ఊరికి నాలుగైదు రకాల గుడ్డ కలిపి పంపడం, కాలరు మార్చడం, జేబు కుట్టడం. బుర్ర ఉన్న సూపర్‌వైజరు ఉన్న గదిలో అది సాధ్యమే. ఇంట్లో పనిచెయ్యగల మగవాడుంటే మాత్రం ఆడమనిషికి ఈ గదుల్లోకి ప్రవేశం కష్టం. ఇంటికి ఒక్కరికే పని, ఆ ఒక్కరూ అతనే అనుకునేవారు.

ఇక అందరినీ ఒకే కొలతతో కొలిచిందా అన్నదానికి ఇచ్చిన ఆ ఒక్క మార్కు విషయం. 1935లో అట్లాంటాలో తెల్ల కుటుంబానికి నెలకి సగటున 32 డాలర్ల 66 సెంట్లు అందితే నల్ల కుటుంబానికి 19 డాలర్ల 29 సెంట్లు. బడ్జెట్ ఫారం ఒకటే కదా అంటారేమో. తిండి గడిలో, అద్దె గడిలో అంకె వేసేది మనిషి. 'వీళ్ళకి ఇంతలో గడిచిపోతుంది' అని ముందే అనుకుంటే లోటు తక్కువే తేలుతుంది, కూడికా తీసివేతా రెండూ సరిగ్గానే ఉంటాయి. అదే ఊళ్ళో నల్లవాళ్ళకి శిక్షణ ఇచ్చే అట్లాంటా స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ ఉంది, కాబట్టి అర్హులు దొరకలేదన్న సాకు చెల్లదు. పత్తి ఏరే కాలం వచ్చిందంటే దక్షిణాదిలో జాబితాల్లోంచి పేర్లు తీసేసేవారు, ఎంత కూలికైనా పొలానికి వెళ్ళమని. పంట అయిపోయి చలి మొదలైతే కౌలు కుటుంబాన్ని తిండి పెట్టకుండా మళ్ళీ రిలీఫ్ గుమ్మం మీదికి తోసేది ఆ భూస్వామే. శిక్షణ విషయంలో గవర్నరుతో తలపడ్డ షెపర్సన్ ఇక్కడ అంత తలపడలేదు. నాలుగున్నర ఐదు కాకపోవడానికి కారణం ఇదే.

1935లో పని లేనివాళ్ళకి పని ఇచ్చే ఫెడరల్ సంస్థ వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్ పెట్టాక జార్జియా శాఖనీ ఆమెకే ఇచ్చారు. ఆగ్నేయ పల్లెల్లో నైపుణ్యం లేని కూలీకి నెలకి 19 డాలర్లు. ఇక్కడైనా పని చెయ్యగలిగినవాడికి ఒక దారి ఉంది. ఏడాది చివరికి ఫెడరల్ నేరు సాయం ఆగిపోయింది. ముసలివాళ్ళనీ, మంచం పట్టినవాళ్ళనీ, చంటిపిల్లల తల్లులనీ రాష్ట్రాలే చూసుకోవాలన్నారు. ఆ ఆగస్టులో వచ్చిన సోషల్ సెక్యూరిటీ చట్టం వృద్ధులకి సగం డబ్బు ఇస్తానన్నా, రాష్ట్రం తన వాటా పెడితేనే. వృద్ధాప్య పింఛనుకి దారి తీసే సవరణని టాల్మడ్జ్ 1935లోనే వీటో చేశాడు. 1937లో కొత్త గవర్నరు వచ్చేదాకా జార్జియాలో ఆ డబ్బు ఎవరికీ అందలేదు. ఈలోపు వాళ్ళు మళ్ళీ కౌంటీ గుమ్మం ముందే.